ఏ విశ్వవిద్యాలయం?

క్రీస్తుశకం ఏడవ శతాబ్దంలో నలందా మహావిహారానికి చదువుకోసం వచ్చినవారిని మొదట పలుకరించినవాడు ఆచార్యుడు కాడు, ద్వారపండితుడు. గుమ్మం వద్దనే ఆయన కఠినమైన ప్రశ్నలు వేసేవాడనీ, పదిమందిలో ఏడెనిమిదిమంది సమాధానం చెప్పలేక వెనుదిరిగేవారనీ చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ రాశాడు. నేడు ద్వారపండితుని స్థానంలో ప్రవేశపరీక్ష వచ్చింది. విద్యాలయం విద్యార్థిని పరీక్షించే ఆచారం ఆనాటి నుంచి ఈనాటి దాకా కొనసాగుతూనే ఉంది. విద్యార్థి విద్యాలయాన్ని పరీక్షించే ఆచారం మాత్రం మనలో ఇంకా వేళ్లూనలేదు. ఇంజనీరింగు, వైద్యవిద్యలకు వెళ్లేవారి ఇళ్లలో కళాశాలల గురించి నెలల తరబడి చర్చలు సాగుతాయి. చరిత్ర, సాహిత్యం, తత్త్వశాస్త్రం, భాషాశాస్త్రం వంటి మానవీయ శాస్త్రాలను ఎంచుకొన్నవారికి ఆ చర్చ కూడా కరువే. ఎక్కడ సీటు వస్తే అక్కడ, ఏ ఊరిలో బంధువులుంటే ఆ ఊరిలో చేరిపోవడం పరిపాటి.

హుయాన్‌త్సాంగ్ అలా చేరినవాడు కాడు. యోగాచార సిద్ధాంతాన్ని మూలగ్రంథం నుంచి, దానిని సమగ్రంగా ఎరిగిన ఆచార్యుని నోట వినాలన్నది ఆయన కోరిక. అందుకోసం ఎడారులు, మంచుకొండలు దాటి వచ్చి, నలందలో శీలభద్రుని పాదాల చెంత కూర్చున్నాడు. అయితే నలంద పేరు పొందినది గనుక అన్నీ అక్కడనే నేర్చుకోవాలని ఆయన అనుకోలేదు. దారిలో కాశ్మీరంలో రెండేళ్లు ఆగి చదివాడు. దక్షిణాపథంలో పర్యటిస్తూ మన ధాన్యకటకంలో, అంటే నేటి అమరావతి ప్రాంతంలో, కొన్ని నెలలు నిలిచి ఇద్దరు భిక్షువుల వద్ద మహాసాంఘికుల అభిధర్మాన్ని అభ్యసించాడు. నలందకు తిరిగివచ్చిన తరువాత కూడా ఏ విహారానికీ చెందని జయసేనుడనే గృహస్థు పాండిత్యం విని, ఆయన వద్దకు వెళ్లి రెండేళ్లు గడిపాడు. “అన్నింటిలోకి గొప్పది ఏది?” అని ఆయన అడగలేదు. “నాకు కావలసినది ఎవరి వద్ద ఉంది?” అని అడిగాడు. ఈ రెండు ప్రశ్నల నడుమ గల అంతరాన్ని నేను ఒక విద్యార్థిని ద్వారా మరింత స్పష్టంగా తెలుసుకొన్నాను.

2022లో కడప జిల్లాలోని మా జూనియర్ కళాశాల నుంచి హెచ్.ఇ.సి. వర్గంలో మంచి మార్కులతో ఉత్తీర్ణురాలైన ఒక అమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆమె తండ్రి కౌలురైతు. ఆ ఏడాదే కేంద్రీయ విశ్వవిద్యాలయాల డిగ్రీ ప్రవేశాలకు దేశమంతటికీ ఒకే ఉమ్మడి పరీక్ష మొదలయింది. ఆమె ఆ పరీక్ష రాసింది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఇంటర్మీడియట్ తరువాత నేరుగా చేరే ఐదేళ్ల సమీకృత ఎం.ఏ. చరిత్ర ఒక మార్గం. తిరుపతిలో దేవస్థానంవారు నడిపే మహిళా కళాశాలలో బి.ఏ. చదివి, ఆ తరువాత ఎం.ఏ. గురించి ఆలోచించడం రెండవ మార్గం.

“సార్, మా నాయన తిరుపతికైతే పంపిస్తానంటున్నాడు. మా మామ అసలు బి.ఏ.నే వద్దంటున్నాడు. మీరు చెప్పండి, ఏది మంచిది?” అని అడిగింది.

“నువ్వు ఏమి చదవాలనుకుంటున్నావమ్మా?” అన్నాను.

“చరిత్ర.”

“చరిత్రలో ఏది?”

ఆమె కాసేపు మౌనంగా ఉండి, “మా ఊరికి దగ్గర్లోనే కలమళ్ల, సార్” అంది.

ఆ ఒక్క మాటతో నాకు విషయం బోధపడింది. ఎర్రగుంట్ల మండలంలోని కలమళ్ల చెన్నకేశవాలయ ప్రాంగణంలో దొరికిన శాసనం, లభించిన తెలుగు శాసనాలలో మొట్టమొదటిదిగా పండితులు పరిగణించేది. రేనాటి చోడుడైన ఎరికల్ ముత్తురాజు ధనంజయునిది. కాలం సుమారు 575. పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంగా చదువుకొన్న ఆ రాయి తన ఊరి పక్కదేనని తెలిసిన నాటినుంచి, దానిపైనున్న అక్షరాలను తానే చదవాలని ఆ పిల్లకు కోరిక. అంటే ఆమెకు కావలసినది శాసనపరిశోధన. ఈ సంగతి తేలనంతవరకు తిరుపతియా, హైదరాబాదా అన్న ప్రశ్నకు అర్థమే లేదు.

ఇక్కడ విద్యార్థులు చాలామంది గమనించని ఒక భేదాన్ని చెప్పాలి. విశ్వవిద్యాలయంలో చదవడం వేరు, విశ్వవిద్యాలయం పట్టా పొందడం వేరు. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసులలో విశ్వవిద్యాలయాలు స్థాపించినప్పుడు లండన్ పద్ధతిని అనుసరించారు. ఆ విశ్వవిద్యాలయాలు తొలినాళ్లలో పాఠాలు చెప్పేవి కావు. పరీక్షలు జరిపి పట్టాలిచ్చేవి. పాఠాలు చెప్పే భారం అనుబంధ కళాశాలలది. నేటికీ మన రాష్ట్రాలలో డిగ్రీ విద్య ప్రధానంగా ఇదే పద్ధతిలో నడుస్తున్నది. కనుక శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పట్టాపై ముద్రించే పేరు ఒక్కటే అయినా, దాని అనుబంధ కళాశాలలలో లభించే చదువు ఒక్కటి కాదు. హైదరాబాదు విశ్వవిద్యాలయం నిర్మాణమే వేరు. 1973 నాటి ఆరు సూత్రాల పథకం ఫలితంగా, రాజ్యాంగంలో 371-ఇ అధికరణం చేర్చి, 1974లో పార్లమెంటు చట్టం ద్వారా దానిని నెలకొల్పారు. సరోజినీ నాయుడు నివాసమైన ‘గోల్డెన్ త్రెషోల్డ్’లో తరగతులు మొదలై, పిమ్మట గచ్చిబౌలికి తరలిపోయాయి. అక్కడ విద్యార్థికి పాఠం చెప్పేది, పరీక్ష పెట్టేది ఒకే శాఖ. మొదటి ఏడాది విద్యార్థి, పిహెచ్.డి. చేస్తున్న పరిశోధకుడు ఒకే గ్రంథాలయంలో పక్కపక్కన కూర్చుంటారు. అది చిన్న లాభం కాదు.

అలాగని అనుబంధ కళాశాలలను తక్కువగా చూడరాదు. విశ్వనాథ సత్యనారాయణ పాఠాలు చెప్పినది విజయవాడలోని ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కళాశాలలో. గురజాడ అప్పారావు బోధించినది విజయనగరం మహారాజా కళాశాలలో. ఆనాడు వారి తరగతులలో కూర్చున్నవారికి విశ్వవిద్యాలయం ఎక్కడుందో అన్న చింత ఉండి ఉండదు.

శాఖకు ప్రాణం అధ్యాపకుడు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడలో పుట్టి 1930లో వాల్తేరుకు చేరింది. కట్టమంచి రామలింగారెడ్డి తొలి ఉపాధ్యక్షులు. ఆయన తరువాత 1931లో ఆ పదవికి వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్ హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ వంటి యువ పండితులను వాల్తేరుకు రప్పించారు. తెలుగు శాఖను పింగళి లక్ష్మీకాంతం తీర్చిదిద్దారు. ఉస్మానియా తెలుగు శాఖకు రాయప్రోలు సుబ్బారావు, ఆ తరువాత ఖండవల్లి లక్ష్మీరంజనం అటువంటివారు. ఉస్మానియాలో భాషాశాస్త్రానికి 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి వచ్చారు. ఈ పేర్లు చూపి నేటి విద్యార్థిని ఆ శాఖలలో చేరమనడం ఎంతవరకు సమంజసం? శాఖ కీర్తి అధ్యాపకుడు వెళ్లిపోయిన తరువాత కూడా కొన్ని దశాబ్దాలు నిలుస్తుంది. ఆయన పాఠం నిలవదు.

ఇందుకు నేనే సాక్షిని. ప్రాచీన సాహిత్యంలో పరిశోధన చేయాలన్న తహతహతో, ఒక ఆచార్యుని గ్రంథాలు చదివి, ఆయన వద్దనే చదవాలని ఒక విశ్వవిద్యాలయంలో చేరాను. ఏ విశ్వవిద్యాలయమో ఇక్కడ అప్రస్తుతం. చేరిన వారానికి తెలిసింది, ఆయన ఆ వేసవిలోనే పదవీ విరమణ చేశారని. ఒక్క ఉత్తరం రాసి కనుక్కొని ఉంటే సరిపోయేది. ఆ సంవత్సరం ఛందస్సు, అలంకారశాస్త్రం చెప్పేవారు లేక, ఉన్నవారే తమది కాని పాఠాన్ని అప్పటికప్పుడు చదివి మాకు చెప్పారు. వారిని నేను తప్పుపట్టను. ఖాళీ అయిన ఆచార్య పదవులను ఏళ్ల తరబడి భర్తీ చేయక, ఒప్పంద అధ్యాపకులతో శాఖలు నడిపే దుస్థితి అప్పటికే మొదలయింది. నేడు అది మరింత ముదిరింది. కనుక శాఖ పేరు విన్నంతనే మురిసిపోక, ఇప్పుడు అక్కడ స్థిరంగా పనిచేస్తున్నవారు ఎందరు, వారిలో మనకు కావలసిన విషయం ఎరిగినవారు ఎవరు, వారికి ఇంకా ఎన్నేళ్ల సర్వీసు ఉంది అని విచారించాలి.

ఆ విచారణ ఎలా చేయాలి? నా కాలంలో ఉత్తరమే దిక్కు. ఇప్పుడు ‘శోధగంగ’ అనే భాండాగారంలో దేశంలోని విశ్వవిద్యాలయాలు ఆమోదించిన పిహెచ్.డి. సిద్ధాంత వ్యాసాలు ఎందరో ఉచితంగా చూస్తున్నారు. ఒక శాఖలో గత పదేళ్లలో ఏ విషయాలపై పరిశోధన జరిగిందో, ఎవరి పర్యవేక్షణలో జరిగిందో ఇంటర్మీడియట్ విద్యార్థి సైతం ఒక సాయంత్రం కూర్చొని తెలుసుకోవచ్చు. మా అమ్మాయి నా కంప్యూటరు ముందు రెండు గంటలు కూర్చొని, చిన్న పుస్తకంలో ఏవో పేర్లు రాసుకొంది.

రెండవది గ్రంథాలయం, దానితోపాటు ఊరు. విజ్ఞానశాస్త్ర విద్యార్థికి ప్రయోగశాల ప్రాంగణంలోనే ఉంటుంది. మానవీయ శాస్త్రాల విద్యార్థికి ప్రయోగశాల ఊరంతా పరచుకొని ఉంటుంది. తిరుపతిలో దేవస్థానం నెలకొల్పగా తరువాత విశ్వవిద్యాలయంలో చేరిన ప్రాచ్య పరిశోధన సంస్థ ఉంది. అందులో తాళపత్ర గ్రంథాలున్నాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి తాళ్లపాక వారి రాగిరేకులపై పనిచేసినది ఆ ఊరిలోనే. తిరుమల ఆలయ శాసనాలను దేవస్థానం ఆరు సంపుటాలుగా ప్రకటించింది. ఆ సంపుటాలలోని రాళ్లను కొండెక్కి గోడలపై నేరుగా చూడవచ్చు. సంస్కృతం నేర్వదలచినవారికి 1962లో విద్యాపీఠంగా ఆరంభమై 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారిన జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం అక్కడే ఉంది. శాసనాలు చదవగోరే విద్యార్థికి సంస్కృత పరిచయం ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు. హైదరాబాదులో తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారం, ప్రాచ్య లిఖిత గ్రంథాలయం, సాలార్జంగ్ మ్యూజియం, 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉన్నాయి. నిజాం పాలన గురించి, ఆధునిక యుగం గురించి చదవాలంటే హైదరాబాదుకు సాటి లేదు. ప్రాచీన శాసనాల విషయంలో తిరుపతిని తక్కువ చేయడానికి వీలులేదు. ఈ మాట అప్పుడు నాకు తోచలేదు. ఆ అమ్మాయే తరువాత నాతో అంది.

ఇక ర్యాంకులు. ఆమె మేనమామ ఒక పత్రికలోని పట్టిక చించి పంపాడు. 2016 నుంచి కేంద్ర ప్రభుత్వం ఏటా సంస్థలకు ర్యాంకులు ప్రకటిస్తున్నది. బోధన, పరిశోధన, ఉత్తీర్ణుల ఫలితాలు, అన్ని వర్గాలకు అవకాశం, జనాభిప్రాయం అని అయిదు కొలమానాలు. పరిశోధనను కొలిచేటప్పుడు స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ వంటి అంతర్జాతీయ సూచికలలో చేరిన వ్యాసాలను లెక్కిస్తారు. తెలుగులో వెలువడే పరిశోధన పత్రికలు ఆ సూచికలలో దాదాపు కనిపించవు. ఒక పండితుడు పదేళ్లు శ్రమించి పది తాళపత్ర ప్రతులు సరిపోల్చి ఒక ప్రాచీన కావ్యాన్ని పరిష్కరించి ప్రకటించినా, ఆ లెక్కలో అది సున్నతో సమానం. పైగా ఆ ర్యాంకు సంస్థ మొత్తానికి. రసాయనశాస్త్ర శాఖ సాధించిన ఘనత చరిత్ర విద్యార్థికి ఏ పాటి ఉపకరిస్తుంది? నాక్ ఇచ్చే గుర్తింపు కూడా సంస్థకే తప్ప శాఖకు కాదు. పట్టికను చూడవద్దనను. చూసి, దానిని పక్కన పెట్టి, శాఖను చూడమంటాను.

ఆమె భయం వేరొకటి. తెలుగు మాధ్యమంలో చదివింది. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పాఠం, పరీక్ష, చర్చ అన్నీ ఇంగ్లీషులో. “క్లాసులో నోరు తెరవలేనేమో సార్” అంది. ఈ భయాన్ని తేలికగా కొట్టివేసే పెద్దలను చూస్తే నాకు కోపం వస్తుంది. 1919లో తరగతులు మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నత విద్యను ఉర్దూలో బోధించింది. అందుకోసం ఒక అనువాద సంస్థనే పెట్టి శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. తెలుగులో అటువంటి కృషికై 1968లో తెలుగు అకాడమి ఏర్పడి డిగ్రీస్థాయి పుస్తకాలు ప్రచురించింది. అయినా చరిత్రలో పైచదువుల గ్రంథాలు నేటికీ అధికభాగం ఇంగ్లీషులోనే ఉన్నాయి. కనుక ఇంగ్లీషును తప్పించుకోవడం కుదరదు. ఎప్పుడు, ఏ వేగంతో ఎదుర్కోవాలన్నదే నిర్ణయించుకోవలసినది. కొందరు మొదటి రోజే లోతు నీటిలోకి దూకి ఈదుతారు. కొందరికి మూడేళ్ల గట్టు అవసరం. ఎవరు ఎటువంటివారో వారికే తెలుస్తుంది.

కాలం విషయం కూడా చెప్పాలి. 2022లో ఉమ్మడి పరీక్ష ఫలితాలు సెప్టెంబరు నడిమికి గాని వెలువడలేదు. ఈలోగా ఇక్కడి డిగ్రీ ప్రవేశాలు సాగుతున్నాయి. ఇక్కడ చేరి రుసుము కడితే అక్కడ సీటు వచ్చినప్పుడు ఆ డబ్బు ఏమవుతుంది? ఇక్కడ చేరక, అక్కడ రాకపోతే ఏడాది ఏమవుతుంది? కౌలురైతు ఇంట ఈ ప్రశ్నలకు బరువు ఎక్కువ. చేరిన విద్యార్థుల అసలు ధ్రువపత్రాలను సంస్థలు తమ వద్ద అట్టిపెట్టుకోరాదనీ, నిర్ణీత గడువులోగా మానుకొన్నవారికి రుసుము తిరిగి ఇవ్వాలనీ 2018లో యు.జి.సి. ఆదేశించింది. ఈ ఆదేశం సంగతి ఎరుగక, టి.సి. కోసం నెలల తరబడి కళాశాల చుట్టూ తిరిగి అవకాశం పోగొట్టుకొన్న విద్యార్థులను నేను చూశాను. పొరుగు రాష్ట్రంలో చదివితే మన రాష్ట్ర ప్రభుత్వపు ఫీజు చెల్లింపు పథకం వర్తిస్తుందో లేదో ముందే విచారించాలి. అన్నింటికంటే ముందు హాస్టలు. సీటు వచ్చినంత మాత్రాన హాస్టలులో గది వచ్చినట్లు కాదు.

ఆమె తండ్రి ఒకనాడు వచ్చాడు. కుర్చీ చూపినా కూర్చోలేదు. “నేను చదువుకున్నోణ్ని కాదు సార్. పాప యాడుంటాదో, ఏం తింటాదో, అంతే నాకు తెలిసేది. చదువు సంగతి మీరే చెప్పల్ల” అన్నాడు. నేను హైదరాబాదుకే పంపమన్నాను. చరిత్ర చదివి ఏమి చేస్తుందని మేనమామ అడిగిన ప్రశ్నకు కూడా సమాధానం చెప్పాను: ఎం.ఏ. తరువాత నెట్ పరీక్షలో ఉత్తీర్ణత పొందితే కళాశాల అధ్యాపక పదవికి అర్హత. పరిశోధన భృతి సాధిస్తే పిహెచ్.డి. చదువు ఇంటికి భారం కాదు. గ్రూపు పరీక్షలు, పురావస్తు శాఖ, అభిలేఖాగారాలు, మ్యూజియంలు, న్యాయవిద్య, పత్రికారంగం ఉన్నాయి. అయితే ఇవి వేటికీ హామీ లేదని కూడా చెప్పాను. హామీ లేదన్న మాట విని ఆయన తలూపాడు. సేద్యం చేసే మనిషికి ఆ మాట కొత్త కాదు.

సెప్టెంబరులో ఆమెకు హైదరాబాదులో సీటు వచ్చింది. ఆమె వెళ్లలేదు. అప్పటికే తిరుపతిలో చేరి ఉంది. నాకు తెలిసి కొంత నొచ్చుకొన్నాను. అవకాశాన్ని చేజార్చుకొన్నదని అనుకొన్నాను. ఫోనులో అడిగితే, “ఇక్కడ కొండమీద శాసనాలు చూస్తున్నాను సార్. సంస్కృతం కూడా మొదలుపెట్టినాను. ఇంగ్లీషు కొంచెం కుదిరినాక ఎం.ఏ.కి అక్కడికి పోతాను. ఆ డిపార్టుమెంటులో నాకు కావలసిన మేడం ఇంకా చాలా ఏండ్లు ఉంటారు, చూసుకున్నాను” అని జవాబిచ్చింది. నా గదిలో రెండు గంటలు కూర్చొని చిన్న పుస్తకంలో రాసుకొన్నది ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

2025లో బి.ఏ. ముగించి, మళ్లీ పరీక్ష రాసి, హైదరాబాదులో ఎం.ఏ. చరిత్రలో చేరింది. సంక్రాంతి సెలవులలో తండ్రితో కలిసి మా ఇంటికి వచ్చినప్పుడు ఆమె చేతిలో రేనాటి చోడుల శాసన ప్రతి ఒకటి ఉంది. అందులోని ‘పన్నస’ అన్న మాటను తరగతిలో కొందరు పనసచెట్టు అనుకొన్నారట. అది బ్రాహ్మణులకు దానమిచ్చిన భూమి అని ఆమె తండ్రికి వివరిస్తుంటే, ఆయన శ్రద్ధగా విని, “సరే, ఆ చేను దున్నినోళ్లకు ఏమొచ్చేది?” అని అడిగాడు.

“వాళ్ల పేర్లు రాతిమీద లేవు నాయనా” అని, ఆమె సంచిలోంచి పుస్తకం తీసి ఆ ప్రశ్నను రాసుకొంది.